తిననని మొరాయించు చేప

ఇంటిలో అద్దపు తొట్టెయందు ఉప్పునీరు నింపి సముద్రపు చేపలను పెంచువారికి తఱచుగా ఎదురగు చిక్కు ఒకటి గలదు. సింహమీను వంటి అందమైన చేపను తెచ్చి తొట్టెలో విడిచిన పిమ్మట, అది పెట్టిన మేతను కన్నెత్తియైనను చూడదు. ఇందులకు కారణము తెలిసికొనుటకు సముద్రతీరమునకు పోనక్కరలేదు. డోర్నకల్ ప్రాంతపువారు ఎఱిగిన కొర్రమట్టయే ఆ పాఠమును చెప్పగలదు.

కొర్రమట్టకు కొరమీను అనియు పేరు. అది తెలంగాణ రాష్ట్రమత్స్యము. బొచ్చె, రవ్వ చేపలు తవుడును, వేరుసెనగ చెక్కను పెట్టినంతనే తినును. కొర్రమట్ట స్వభావము వేఱు; అది వేటాడి బ్రతుకును. నాచు చాటున పొంచియుండి, చేపపిల్లయో, కప్పయో, పురుగో కదలినంతనే మీదికి దుముకును. కదలునదే దానికి ఆహారము. తొట్టెలో అది పస్తుండుట పొగరని తలంచరాదు. మనము వేసినది మేతయని దానికి తెలియదు.

అనుభవజ్ఞులు దానికి మెట్టుమెట్టుగా అలవాటు చేయుదురు. మొదట రోగములేని చిన్నచేపలను బ్రతికియుండగనే వేయుదురు. పిదప చచ్చిన చేపముక్కను పట్టుకారుతో పట్టి దానియెదుట మెల్లగా ఆడింతురు. అది మరగిన తరువాత ఆడించుట మానుదురు. ఆమీద చేపమాంసమును నూరి, ఎండుమేత పొడితో ముద్దచేసి, దినదినమును పొడిపాలు హెచ్చింతురు. తొందరపడినచో చేప మరల నోరు మూసికొనును. అప్పుడు వెనుకటి మెట్టుకు దిగవలసినదే.

సింహమీనుకును ఇదే పద్ధతి. చచ్చిన రొయ్యను ఆడించి దానిని మచ్చిక చేయుదురు. దాని ముళ్లలో విషముండును గనుక చేయి దూరముగా నుంచవలెను.

ఆకలితో నున్నదని జాలిపడి మేత కుమ్మరించుట అన్నిటికంటె ప్రమాదకరము. మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా పుట్టించును. ఆకలికంటె ముందు ఆ నీరే చేపను చంపును. కాబట్టి మిగులును వెంటనే తీసివేయవలెను. కొర్రమట్ట పైకివచ్చి గాలి పీల్చును. నీటికిని మూతకును నడుమ ఖాళీ యుండవలెను. మూత లేకున్న ఎగిరి బయటపడును. పెద్దది చిన్నదానిని మ్రింగును గనుక సమానమైనవానినే కలిపి పెంచవలెను.

పాఠశాలలో తొట్టె నుంచదలచిన ఉపాధ్యాయులు విద్యార్థులచే ప్రతిదినము ఒక పుస్తకమున వ్రాయింపవచ్చును: ఏ మేత పెట్టితిమి, ఎంతసేపటికి తినినది, ఎంత మిగిలినది. మఱునాటి మేత యెంతయో ఆ లెక్కయే చెప్పును.