నింద ఎవరిమీద? లోపం ఎక్కడ?

ఈ వారం మీ వంటింట్లోని ఉప్పు డబ్బాను గూర్చి మీతో మాట్లాడాలని ఆశిస్తున్నాను. ఇంత చిన్న సంగతా అనుకోకండి. చివరివరకు వినండి.

ఒక ఇంట్లో బిడ్డ ఎదుగుదల లేకుండా, మాట రాక, మందబుద్ధితో ఉంటే మన ఊళ్ళలో మొదట వచ్చే ప్రశ్న ఏమిటి? "తల్లి ఏం చేసింది?" గ్రహణం నాడు బయటికి వచ్చిందంటారు. శాపమంటారు. ఆ తల్లి ఆ నిందను జీవితాంతం మోస్తుంది. కానీ కారణం ఆమె నడతలో కాక, ఆమె తిన్న అన్నంలో లేని ఒక పదార్థంలో ఉంటే?

ఆ పదార్థమే అయొడిన్. మన గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అది అయొడిన్‌తోనే తన హార్మోన్‌ను తయారుచేస్తుంది. శరీరం ఆహారాన్ని శక్తిగా మార్చుకోవడానికి, గర్భంలోని శిశువు మెదడు ఎదగడానికి ఈ హార్మోన్ కావాలి. అయొడిన్ చాలకపోతే గ్రంథి మరింత శ్రమపడి ఉబ్బుతుంది. దీనినే గాయిటర్ అంటారు. గర్భిణికి ఈ లోటు తీవ్రంగా ఉంటే శిశువు మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

మరి ఎంత కావాలి? పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు. డెబ్బై ఏళ్ళకు లెక్కవేసినా సుమారు 4 గ్రాములే, ఒక టీస్పూనుకు మించదు! గర్భిణులకు మాత్రం మరికొంత ఎక్కువ అవసరం.

ఈ సంగతి మన దేశంలో రుజువు చేసినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. శ్రీకాకుళంలో 1921లో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్న డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో అనేకుల గొంతులు వాచి ఉండేవి. కొండనేలలోని అయొడిన్ వానలకు, మంచునీటికి కొట్టుకుపోవడంతో అక్కడి పంటలోనూ నీటిలోనూ అది కరువైంది. 1956లో ఆయన, సహచరులు ఆ లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడవ భాగానికి మామూలు ఉప్పు ఇచ్చారు. మొదట మూడు చోట్లా బడిపిల్లల్లో దాదాపు 38 శాతం మందికి గాయిటర్ ఉంది. 1962 నాటికి అయొడిన్ ఉప్పు తిన్న భాగాల్లో అది సగానికి తగ్గింది. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. తరువాత ఆ భాగానికీ అయొడిన్ ఉప్పు ఇస్తే అక్కడా తగ్గింది.

గమనించారా? మనుషులు వారే, నేల అదే. మారింది ఉప్పు ఒక్కటే. 1962లోనే జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. ఈ లోటు కొండలకే కాదు, మైదానాలకూ ఉందని తరువాతి సర్వేలు చూపించాయి.

కాబట్టి ప్రియులారా, మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ప్యాకెట్ మీద "అయొడైజ్డ్" అన్న మాట, నవ్వుతున్న సూర్యుని గుర్తు చూడండి. రాళ్ళ ఉప్పులోను, గులాబీ రంగు ఉప్పులోను సాధారణంగా అయొడిన్ కలపరు. ఉప్పును మూత బిగించి, పొయ్యి సెగకు, తేమకు దూరంగా ఉంచండి. కూర దించేముందు వేస్తే మేలు. అయితే అయొడిన్ కోసమని ఉప్పు ఎక్కువ తినకండి. పెద్దలకు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూనుకు లోపే ఉండాలి. లేకపోతే రక్తపోటు పెరుగుతుంది.

ఇంకొక మాట. థైరాయిడ్ జబ్బులన్నీ అయొడిన్ లోటువల్ల రావు. శరీరపు రక్షణశక్తే పొరపాటున గ్రంథిమీద దాడి చేయడంవల్ల కొందరికి వస్తుంది. వారు ఉప్పు మార్చామని మాత్రలు మానకూడదు. గర్భిణులు టి.ఎస్.హెచ్. పరీక్ష గురించి డాక్టరును అడగండి. పుట్టిన బిడ్డకు మడమనుండి రక్తపు చుక్క తీసి చేసే పరీక్షను నిర్లక్ష్యం చేయకండి. లోపం ఉంటే మొదటి రెండు వారాల్లోనే చికిత్స మొదలుపెట్టడం వలన ఆ బిడ్డ మెదడును కాపాడుకోవచ్చు.

జబ్బుపడినవారిని చూసినప్పుడు "ఎవరి తప్పు?" అని అడగడం సులభం. "కారణం ఏమిటి? దాన్ని తొలగించగలమా?" అని అడిగేవారే ఇంటిని నిలబెడతారు. మీ సంఘంలో నింద మోస్తున్న తల్లి ఎవరైనా ఉంటే ఈ వారం ఆమె ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పండి. వెళ్ళేముందు మీ ఇంట్లోని ఉప్పు ప్యాకెట్ ఒకసారి తిప్పి చదవండి.