చెప్పుల వలన చర్మమునకు గలుగు బాధ

ముల్లు గ్రుచ్చుకొనకుండుటకై మనము చెప్పులు తొడుగుచున్నాము. ఆ చెప్పులే పాదములకు బాధ తెచ్చుననిన పలువురు నమ్మరు. కాని క్రొత్తజోడు తొడిగిన పిదప కొందఱకు పాదముపై దురద, ఎఱ్ఱదనము, చిన్న పొక్కులు గలిగి, రసి కారి, తుదకు చర్మము మందమై పగులును.

దీనికి కారణమేమి? పూర్వము మన గ్రామములలో తోళ్ళను తంగేడుచెక్కతోను, కరక్కాయలతోను పదును చేయుచుండిరి. సుమారు 1903లో చాటర్టన్ దొరగారు మదరాసులో క్రోమియపు లవణములతో పదును చేయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆ తోలు నీటికి ఓర్చునని కపిల బొక్కెనలకును, చెప్పులకును వాడిరి. నేడు లోకములో అధికభాగము తోలు ఈ పద్ధతినే తయారగుచున్నది. పని సరిగా జరుగనిచో తోలులో తీక్ష్ణమైన యొకవిధపు క్రోమియము ఏర్పడును. చెమట దానిని కరగించి చర్మమునకు చేర్చును. ఐరోపా సమాజ దేశములలో 2015 నుండి ఇది కిలో తోలునకు 3 మిల్లీగ్రాములకు లోబడి యుండవలెనని శాసనము గలదు. రబ్బరును గట్టిపఱచు మందులును, అట్టలనంటించు జిగురును గూడ ఇట్టి బాధకు హేతువులే.

ఈ బాధ తొడిగిన వెంటనే పుట్టదు. ఒకటి రెండు దినములు గడచిన పిదప కనబడును. ఏండ్ల తరబడి సరిపడిన చెప్పులే యొకనాడు సరిపడకపోవచ్చును. అందుచేతనే చెప్పులపై అనుమానము కలుగదు. వ్రేళ్ళ సందులలో మొదలగునది తఱచుగా తడివలన పుట్టు తామర. చెప్పువారు తగులుచోట, రెండు పాదములకును ఒకేరీతిగా వచ్చినది చెప్పుల వలననే యని అనుమానింపవలెను.

కొందఱకు రబ్బరువారు తగులుచోట తెల్లమచ్చలు పడును. కుష్ఠని భయపడి వీనిని దాచుట తగదు. కుష్ఠుమచ్చపై సామాన్యముగా స్పర్శ తగ్గును. ఈ మచ్చలపై స్పర్శ యుండును. అయినను నిర్ణయము వైద్యునిదే. కుష్ఠే యైనను ప్రభుత్వ వైద్యశాలలలో మందు ఉచితముగా లభించును, ఆలస్యమే హాని.

కావున సభ్యులకు మా సూచన లివి:

1. అనుమానించిన జోడును వెంటనే విడువుడు. అంతమాత్రమున వట్టికాళ్ళతో పొలమునకు పోక, వేఱు పదార్థముతో చేసిన జోడు తొడుగుడు.
2. పాదములు కడిగి తడి యార్చుడు. తడిసిన జోడును ఆరనిచ్చి తొడుగుడు.
3. సున్నము, పసరులు, అంగడిలో అడిగి తెచ్చిన లేపనములు పూయకుడు.
4. తగ్గనిచో చర్మవైద్యుని చూడుడు. వీపుపై పట్టీలంటించి, రెండుదినములకు తీసి, మరల చూచి, సరిపడని పదార్థ మేదో వారు తెలుపగలరు.
5. క్రోమియము సరిపడనివారు తడిసిమెంటును గూడ వట్టిచేతులతో తాకరాదు. అందును అది యుండును.

జోడు ధర కొలదిపాటిది. పాదము పుండుపడి నాట్లవేళ మంచము పట్టిన నష్టము గొప్పది.