సమాచార రచనల స్వరూపం: ప్రాథమిక తరగతులలో ఒక ముఖ్యాభ్యాసం

బడిలో చేరిన పిల్లలు మొట్టమొదట చదివేది సాధారణంగా కథ. కథకు ఒక ఆరంభం, ఒక చిక్కు, ఒక ముగింపు ఉంటాయని వారికి ఎవరూ ప్రత్యేకించి బోధించనక్కరలేదు. అమ్మమ్మ ఒడిలో విన్న కథల వల్ల ఆ చట్రం వారి మనస్సులలో అప్పటికే ఏర్పడి ఉంటుంది. అందువల్లనే అక్షరాలు కూడబలుక్కుంటూ చదివే పిల్లవాడు సైతం కథలో తరువాత ఏమి జరగనున్నదో ఊహించగలుగుతాడు.

మూడవ తరగతి దాటేసరికి పరిస్థితి మారుతుంది. వర్షం ఎలా కురుస్తుంది, నేలలు ఎన్ని రకాలు, పంచాయతీ ఏయే పనులు చేస్తుంది అనే పాఠాలు ఎదురవుతాయి. వీటిలో నాయకుడు ఉండడు. చిక్కుముడి విడిపోవడమూ ఉండదు. ఇవి సమాచార రచనలు. కథ చదివే అలవాటుతో వీటిని చదవబోయిన పిల్లలకు దారి దొరకదు. దారి దొరకనప్పుడు కంఠస్థం ఒక్కటే శరణ్యమవుతుంది. వాక్యాలు నోటికి వస్తాయి. విషయం మాత్రం మనస్సుకు పట్టదు.

బడి విడిచిన తరువాత మనిషి జీవితాంతం చదవవలసి వచ్చేవి ఎక్కువగా సమాచార రచనలే. మందు సీసా మీది సూచనలు, రైళ్ళ వేళల పట్టిక, పురుగుమందు డబ్బా మీది హెచ్చరిక, బ్యాంకు దరఖాస్తు, తుఫాను ప్రకటన - ఇవన్నీ ఈ కోవకు చెందినవే. ఇంట్లో పెద్దలు చదువుకోని చోట ఈ కాగితాలను చదివి చెప్పే భారం తరచుగా బడికి వెళ్ళే బిడ్డ మీదనే పడుతుంది. ఆ బిడ్డ తప్పు లేకుండా బిగ్గరగా చదివినంత మాత్రాన చాలదు. ఆ కాగితం ఏమి తెలుపుతున్నది, ఏమి చేయమంటున్నది అనే తేడా గ్రహించగలగాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడవ తరగతి ముగిసేనాటికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలని, 2026–27 నాటికి ఈ లక్ష్యాన్ని సాధించాలని నిర్దేశించింది. అర్థం చేసుకోవడమంటే కథను అర్థం చేసుకోవడం ఒక్కటే కాదని మనం గుర్తుంచుకోవాలి.

ఒకే విషయం, ఐదు రూపాలు

సమాచార రచనలను స్థూలంగా ఐదు రకాలుగా విభజించవచ్చు: వర్ణన, క్రమం, కార్యకారణ సంబంధం, పోలిక, సమస్య–పరిష్కారం. ఈ పేర్లు పిల్లలకు బరువుగా తోచవచ్చు. ఒకే విషయాన్ని ఐదు విధాలుగా వ్రాసి చూపితే ఈ భేదం వారికి తేలికగా బోధపడుతుంది. తూర్పు తీరంలోని బడులకు తుఫానును మించిన ఉదాహరణ అక్కరలేదు.

మొదటిది వర్ణన. “తుఫాను సముద్రం మీద ఏర్పడే పెద్ద గాలి సుడి. దాని నడుమ ‘కన్ను’ అనే ప్రశాంతమైన భాగం ఉంటుంది. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండమనీ, 50 నుంచి 61 ఉంటే తీవ్ర వాయుగుండమనీ, 62 నుంచి 88 ఉంటే తుఫాననీ వాతావరణ శాఖ వ్యవహరిస్తుంది.” ఇటువంటి రచన ఒక వస్తువు ఎటువంటిదో, దానిలో ఏమేమి భాగాలు, రకాలు ఉన్నాయో తెలుపుతుంది. ఇందులోని వాక్యాల వరుస కొంత మారినా నష్టం లేదు.

రెండవది క్రమం. “సముద్రజలం సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కినప్పుడు తేమతో నిండిన గాలి పైకి లేస్తుంది. పైకి పోయిన ఆవిరి చల్లబడి నీరుగా మారుతూ వేడిని విడుదల చేస్తుంది. కింద పీడనం మరింత తగ్గుతుంది. చుట్టుపక్కల గాలి అక్కడికి పరుగెత్తుతుంది. భూభ్రమణం కారణంగా ఆ గాలి మన అర్ధగోళంలో గడియారపు ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది.” ఇక్కడ వాక్యాలను తారుమారు చేస్తే అర్థమే చెడిపోతుంది. వర్ణనకు, క్రమానికి గల భేదాన్ని గ్రహించడానికి పిల్లలకు ఈ ఒక్క పరీక్ష చాలు.

మూడవది కార్యకారణ సంబంధం. “1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను తుఫాను తాకింది. గాలి కన్న ఉప్పెన ఎక్కువ నాశనం కలిగించింది. నేల పల్లంగా ఉండడం వల్ల సముద్రపు నీరు చాలా దూరం లోనికి చొచ్చుకువచ్చింది. 10,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.” ఇక్కడ పాఠకుని ప్రశ్న ‘ఏమి జరిగింది?’ అనే దానితో ఆగదు, ‘ఎందువల్ల?’ అనే దాకా సాగుతుంది.

నాలుగవది పోలిక. “1999 అక్టోబరులో ఒడిశా తీరాన్ని తాకిన పెనుతుఫానులో దాదాపు 10,000 మంది మరణించారు. 2013 అక్టోబరులో అదే రాష్ట్రంలోని గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్ కూడ అతి తీవ్రమైనదే. కాని ముందుగానే లక్షలాది ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించినందున ఈసారి మరణాలు పదుల సంఖ్యను దాటలేదు.” రెండు విషయాలను పక్కపక్కన నిలిపి, ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో చూపడమే దీని పని.

ఐదవది సమస్య–పరిష్కారం. “పూరిపాకలు తుఫాను గాలికి నిలవవు. అందుకోసం తీరగ్రామాలలో ఎత్తైన పునాది మీద పక్కా రక్షణ భవనాలను నిర్మించారు. అలల తాకిడిని కొంతవరకు తగ్గించే మడ అడవులను పెంచుతున్నారు.” ఇటువంటి రచనను చదివే బిడ్డ, చెప్పిన పరిష్కారం ఆ సమస్యకు సరిపోతున్నదా అని ప్రశ్నించడం కూడ నేర్చుకోవాలి.

తెలుగు వాక్యంలోని ఆనవాళ్ళు

రచన రకాన్ని పట్టి ఇచ్చే మాటలను పిల్లలకు చూపడం మంచి పద్ధతి. ‘మొదట, పిమ్మట, చివరకు’ అనేవి క్రమాన్ని తెలుపుతాయి. ‘అందువల్ల, కారణంగా’ అనేవి కార్యకారణాలను, ‘కంటె, కాని, అయితే’ అనేవి పోలికను సూచిస్తాయి. అయితే ఈ జాబితాతో తెలుగు ఉపాధ్యాయుని పని పూర్తి కాదు. మన భాషలో ఇటువంటి సంబంధాలు పెక్కుసార్లు విడి మాటలలో కాక, క్రియ చివర ఒదిగి ఉంటాయి.

‘అన్నం తిని బడికి వెళ్ళాడు’ అన్నప్పుడు ‘తిని’ అనే క్త్వార్థకం కేవలం క్రమాన్ని తెలుపుతున్నది. ‘వాన కురిసి చెరువు నిండింది’ అన్నప్పుడు అదే రూపం కారణాన్ని తెలుపుతున్నది. ‘కురిస్తే’ అనే చేదర్థకం షరతును చెబుతుంది. ‘కురిసినా’ అనే అప్యర్థకం అనుకున్న ఫలితం కలగలేదని సూచిస్తుంది. ఈ వ్యాకరణ నామాలు చిన్న తరగతులలో అవసరం లేదు. ‘తినడం వల్ల బడికి వెళ్ళాడా? కురవడం వల్ల చెరువు నిండిందా?’ అని అడిగితే చాలు. పిల్లలే నవ్వుతూ తేడా చెబుతారు. తమ నోట నిత్యం పలికే మాటలలోనే ఇంత భేదం ఉన్నదని గ్రహించడం వారికి ఆనందం కలిగిస్తుంది.

హెచ్చరికను చదవడం

నిత్యజీవితంలో ఒక్కొక్క రచన ఒక్కొక్క రకంగా విడివిడిగా దొరకదు. ఒకే కాగితంలో రెండు మూడు రకాలు కలిసి ఉంటాయి. తుఫాను ప్రకటన ఇందుకు నిదర్శనం. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ఈ నాలుగు వాక్యాలు వ్రాశాడనుకుందాం: “తుఫాను తీరానికి 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. రేపు రాత్రి తీరం దాటవచ్చు. ఉప్పెన వల్ల పల్లపు ప్రాంతాలు మునిగే ప్రమాదం ఉంది. మత్స్యకారులు సముద్రంలోకి వెళ్ళరాదు.”

మొదటి వాక్యం ఉన్న స్థితిని తెలుపుతున్నది. రెండవది అంచనా. మూడవది కార్యకారణ సంబంధం. నాలుగవది ఆదేశం. ‘ఉంది’, ‘వచ్చు’, ‘రాదు’ అనే క్రియాంతాలే ఇక్కడ దారి చూపుతున్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘తీరం దాటవచ్చు’ అంటే అంచనా. ‘ప్రజలు ఇళ్ళకు తిరిగి వెళ్ళవచ్చు’ అంటే అనుమతి. మాట ఒక్కటే అయినా పని వేరు. ఈ భేదాన్ని తరగతిలో ఒకసారి చర్చించిన బిడ్డ ఇంటివద్ద ప్రకటనను చదివినప్పుడు పొరపడే అవకాశం తక్కువ.

వర్ణనగా కనిపించే వాక్యంలోనే ఒక్కొక్కసారి ప్రాణాలు కాపాడే సూచన దాగి ఉంటుంది. తుఫాను కన్ను ఊరి మీదుగా సాగే సమయంలో గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. ప్రమాదం తప్పిందనుకొని బయటికి వచ్చినవారిని కొద్దిసేపటికి గాలి ఎదురు దిశ నుంచి తిరిగి అంతే బలంగా తాకుతుంది. ‘కన్ను ప్రశాంతంగా ఉంటుంది’ అనే వాక్యాన్ని బట్టీపట్టిన బిడ్డకు పరీక్షలో మార్కు వస్తుంది. ‘అయితే అప్పుడు మనం ఏమి చేయాలి?’ అని అడగడం నేర్చుకున్న బిడ్డ ఇంటిల్లిపాదిని లోపలే ఉండమని హెచ్చరించగలుగుతుంది.

తరగతి గదిలో ఆచరణ

ఈ అభ్యాసానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. వార్తాపత్రిక ముక్కలు, విత్తనాల సంచి మీది సూచనలు, అతిసారానికి ఇచ్చే లవణ మిశ్రమం పొట్లం, గోడ కాలెండరు, టీకాల కార్డు వంటి వాటిని పిల్లలచేతనే సేకరింపజేయవచ్చు. వాటిని నేల మీద పరచి, ‘ఈ కాగితం ఏమి చేస్తున్నది? వర్ణిస్తున్నదా, వరుస చెబుతున్నదా, కారణం చెబుతున్నదా, పోలుస్తున్నదా, దారి చూపుతున్నదా?’ అని అడిగి గుంపులుగా విడదీయించాలి. ఒకే కాగితాన్ని ఇద్దరు వేర్వేరు గుంపులలో పెడితే వారి వాదన వినాలి. తరచుగా ఇద్దరిదీ సరైనదే అవుతుంది.

రెండవ మెట్టు రూపాన్ని గీయించడం. క్రమాన్ని మెట్లుగా, పోలికను రెండు గడుల పట్టికగా, కార్యకారణాలను బాణం గుర్తుతో గీయిస్తే రచన లోపలి కట్టడం కంటికి కనిపిస్తుంది. మూడవ మెట్టు వ్రాయించడం. ఊరి చెరువును గురించి ఒకరు వర్ణన, మరొకరు నిరుటికీ ఈ ఏటికీ పోలిక, ఇంకొకరు నీరు ఇంకిపోవడానికి కారణాలు వ్రాయవచ్చు. రాయడం తెలిసినవారికి చదవడంలోని కీలకం సులువుగా అందుతుంది.

ఒక విషయంలో మాత్రం హెచ్చరిక అవసరం. ‘ఈ పేరా ఏ రకం?’ అని అడిగి, పేరు చెప్పినందుకు మార్కులు వేయడం మొదలుపెడితే ఈ ప్రయత్నమంతా మరొక కంఠపాఠంగా మారుతుంది. పేరు ముఖ్యం కాదు. ‘ఈ రచనను ఎలా చదవాలి, దీనితో నేను ఏమి చేయాలి?’ అనే ప్రశ్న ముఖ్యం.

భాషలు వేరైనా రూపం ఒక్కటే

భాషలు మారినా ఈ రచనారూపాలు మారవు. గంజాం జిల్లాలోని ఒడియా బిడ్డ, శ్రీకాకుళంలోని తెలుగు బిడ్డ, సుందరవనాల్లోని బెంగాలీ బిడ్డ ఒకే సముద్రపు తుఫానులను గురించి తమ తమ భాషలలో చదువుతారు. మాటలు వేరు, వరుస, కారణం, పోలిక, సూచన అందరికీ సమానం. 1970 నవంబరులో నేటి బంగ్లాదేశ్ తీరంలో కనీసం 3 లక్షల మందిని తుఫాను బలిగొన్నట్లు అంచనా. ఆ తరువాత అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు ఊరూరా తిరిగి, జెండాలతో, మైకులతో ప్రజలకు హెచ్చరికలను అర్థమయ్యేలా చెప్పే వ్యవస్థ ఏర్పడింది. హెచ్చరిక పంపడం ఎంత ముఖ్యమో, అది అర్థం కావడం అంతే ముఖ్యమని ఆ అనుభవం నేర్పింది.

హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలోని తుఫానులకు 2004 నుంచి ఈ ప్రాంతపు దేశాలే పేర్లు పెడుతున్నాయి. తొలి జాబితాలో 8 దేశాలు పాల్గొనగా, 2020 జాబితాలో 13 దేశాలు 169 పేర్లు ఇచ్చాయి. 2014లో విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చినది. 2018లో శ్రీకాకుళాన్ని తాకిన తిత్లీ పేరు పాకిస్తాన్ ఇచ్చినది. సరిహద్దులు లేని ప్రమాదాన్ని ఎదుర్కొనడానికి దేశాలు సమాచారాన్ని పంచుకొనక తప్పదని ఈ పేర్లే చెబుతున్నాయి.

ఈ పనిలో గ్రంథాలయాల పాత్ర కూడ ఉన్నది. 1957లో స్థాపితమైన నేషనల్ బుక్ ట్రస్టు తన నెహ్రూ బాల పుస్తకాలయ మాలలో పిల్లల పుస్తకాలను అనేక భారతీయ భాషలలో వెలువరించింది. బడి గ్రంథాలయంలో కథల పుస్తకాల పక్కనే సమాచార పుస్తకాలకు ఒక అర కేటాయించి, వారానికి ఒక గంట వాటిని పిల్లలచేత చదివించడం ఏ ఉపాధ్యాయునికైనా సాధ్యమే. వీలైన చోట ఒకే పుస్తకాన్ని రెండు భాషలలో పక్కపక్కన ఉంచితే, తమకు రాని లిపిలో సైతం పట్టికను పట్టికగా, సూచనను సూచనగా గుర్తించగలిగిన పిల్లలు ఆశ్చర్యపోతారు.

కథ పిల్లలకు ఊహను ఇస్తుంది. దాని స్థానాన్ని మరేదీ తీసుకోలేదు. దానితోపాటు, చేతికి వచ్చిన ప్రతి కాగితాన్నీ ‘నీవు నాకు ఏమి చెబుతున్నావు?’ అని అడిగే అలవాటు కూడ కలిగిస్తే, ఆ బిడ్డ తనకే కాక తన ఇంటికీ, ఇరుగుపొరుగుకూ చదివిపెట్టగల పౌరుడవుతాడు.