సోమశిల గట్టున ఒక పుస్తకం

సెలవులంటే చాలామందికి పరుగే. మూడు రోజుల్లో ఆరు ఊళ్లు, ఊరికో గుడి, గుడికో ఫొటో. ఇంటికొచ్చాక ఒళ్లునొప్పులు. అలా కాకుండా ఒకే నీటి ఒడ్డున టెంటు వేసుకుని, ఒకే పుస్తకంతో రెండు రోజులు తీరుబడిగా గడపాలనుకునేవాళ్లకు నెల్లూరు జిల్లా పడమటి వైపు చక్కటి చోటుంది.

ఆత్మకూరు దాటి వెళ్తే, పెన్నా నది వెలిగొండలను చీల్చుకుని మైదానంలోకి దిగే చోట సోమశిల జలాశయం కనిపిస్తుంది. దాని నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు. నెల్లూరు పొలాలకే కాదు, కండలేరు మీదుగా చెన్నై కుళాయిలకూ ఈ నీళ్లే వెళ్తాయి. తెలంగాణలో కృష్ణ ఒడ్డున ఇంకో సోమశిల ఉంది. ఫోన్‌లో దారి వెతుక్కునేవాళ్లు జిల్లా పేరు చూసుకుని మరీ బయల్దేరాలి.

ఈశాన్య రుతుపవనాల వానలు వెనక్కి తగ్గిన డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండలు ముదిరితే టెంటు లోపల నిమిషం కూర్చోలేం. ఆనకట్ట దగ్గర, గేట్ల దిగువన ఇసుకలో ఎప్పుడూ టెంటు వేయకూడదు. నీళ్లు వదిలితే తప్పించుకునే వ్యవధి ఉండదు. చుట్టుపక్కల కొండల్లో అభయారణ్యం కూడా ఉంది కాబట్టి అటవీశాఖను అడిగాకే చోటు చూసుకోవాలి. చెప్పులు దులిపి తొడుక్కోవాలి, తేళ్లుంటాయి.

ఇక చదువు. పొద్దున పూట గట్టు మీది గాలి పేజీని నిలవనివ్వదు. అరచేతిలో ఇమిడే గులకరాయి ఒకటి ఏరుకుని పుస్తకం మీద పెట్టుకోవాల్సిందే. పేజీ తిప్పాలంటే రాయి ఎత్తాలి, ఎత్తినప్పుడల్లా చూపు నీళ్ల మీదికి పోతుంది. ఇంట్లో గంటలో ముగిసే అధ్యాయం ఇక్కడ ఓ పూట పడుతుంది. అలా పట్టనివ్వాలి.

చదువుకూ నీళ్లకూ మన దగ్గర పాత చుట్టరికమే ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఈ పడమటి నెల్లూరు నేల కూడా చదువు బలాన్ని కళ్లారా చూసింది. కలిగిరి దగ్గరి దూబగుంటలో ‘అక్షరదీపం’ అక్షరాస్యత ఉద్యమపు రాత్రిబడులకు వెళ్లిన ఆడవాళ్లు, సారా తెచ్చిన కష్టాలు చెప్పే పాఠంలోని సీతమ్మ కథను తమ కథగా చదువుకున్నారు. 1992లో ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పుస్తకం ఇంత పని చేసిన నేల తెలుగునాట ఇంకెక్కడుంది!

ఏ పుస్తకం తీసుకెళ్లాలంటే, పంచతంత్రం. పదిహేనో శతాబ్దంలో దూబగుంట నారాయణకవి దాన్ని తెలుగు చేసి, ఇదే జిల్లాలోని ఉదయగిరిని పాలించిన బసవరాజుకు అంకితమిచ్చాడు. ఆ పద్యాలు కష్టమనిపిస్తే వచనంలో చదువుకోవచ్చు. పొద్దు వాలాక ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటే ఇంకా బాగుంటుంది. లైటు కాస్త దూరంగా పెట్టుకోవాలి, లేకపోతే పురుగులన్నీ పేజీ మీదే వాలతాయి. మడుగు ఎండిపోతోందని చేపలను నమ్మించి ఒక్కొక్కదాన్నే తినేసిన కొంగ కథ ఆ రాత్రికి సరిపోతుంది. తెల్లారి నీళ్ల అంచున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను పిల్లలు చాలాసేపు కన్నార్పకుండా చూస్తారు.