తేట నీటిలో దాగిన దోషం

నీళ్ళు మురికిగా వస్తే ఇంటి ఇల్లాలికి ఎవరూ చెప్పనక్కరలేదు. బట్టతో వడపోస్తుంది, పటిక తిప్పుతుంది, తేటపడేవరకు ఆగుతుంది. వాసన వేస్తే పారబోస్తుంది. కాని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ప్రజలను తరతరాలుగా కుంగదీసినది మురికి నీరు కాదు. అద్దం వలె తేటగా, వాసన లేకుండా, తాగితే తియ్యగా ఉండే బోరు నీరే. అందులో కలిసి ఉన్న ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు.

"ఇప్పుడు నల్లా నీళ్ళు వస్తున్నవి కదా, ఇంకా ఈ సంగతి ఎందుకు?" అని కొందరు మమ్మల్ని అడిగారు. నిజమే. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ ద్వారా శుద్ధి చేసిన నదీజలాలు పల్లెలకు చేరాయి. ఇది గొప్ప మేలు. అయితే పైపు పగిలిన రోజున ఏ నీళ్ళు తాగుతున్నాము? చేలో పనిచేసేటప్పుడు సీసా ఎక్కడ నింపుకొంటున్నాము? కొన్ని ఇళ్ళలో మందు వాసన గిట్టక నల్లా నీళ్ళను బట్టలకు వాడి, బోరు నీళ్ళను తాగడానికి ఉంచుకోవడం మేము చూశాము. ఈ అలవాటు ఉన్నంతవరకు ప్రమాదం పోయినట్లు కాదు. అందుకే ఇంటి నీటిలోని దోషాన్ని కనిపెట్టడం, సరిచేసుకోవడం ఎట్లాగో ఈ నెల వివరంగా తెలుసుకొందాము.

ఈ జబ్బు ఎప్పటిది?

మన దేశంలో ఫ్లోరైడు వలన ఎముకలకు వచ్చే జబ్బును వైద్యులు మొదట వివరించినది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ జిల్లా పరిస్థితిపై సిద్దిఖీ అనే వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వైద్యులు, ఎదిగే వయసు పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని లోకం దృష్టికి తెచ్చారు.

లోకానికి తెలిసినా నీళ్ళు రావడానికి చాలా కాలం పట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికలలో దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తాయి. చివరకు 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ కాగితం ఒక పుస్తకమంత అయింది. తాగునీటి కోసం ప్రజలు ఎంచుకొన్న ఆ దారి దేశమంతటి దృష్టిని నల్లగొండ వైపు తిప్పింది.

నీటిలోకి ఫ్లోరైడు ఎట్లా వస్తుంది?

ఇది ఎవరి శాపమూ కాదు, ఎవరి కర్మ ఫలమూ కాదు. మన ప్రాంతం నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు ఉంటుంది. వాన నీరు రాతి పగుళ్ళలోకి దిగి ఏళ్ళ తరబడి నిలిచినప్పుడు అది కొంచెం కొంచెంగా నీటిలో కరుగుతుంది. చెరువులు ఎండి, బావులు వట్టిపోయి, బోర్లు లోతుకు పోయినకొద్దీ రాతితో ఎక్కువకాలం కలిసి ఉన్న నీరే మనకు పైకి వస్తున్నది.

ఇంకొక సంగతి ముఖ్యంగా గమనించాలి. నీటిలో సున్నపు అంశం తక్కువై, సోడా అంశం ఎక్కువగా ఉన్నప్పుడు ఫ్లోరైడు మరింత కరుగుతుంది. కాబట్టి "ఈ నీళ్ళలో పప్పు మెత్తగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురుగు వస్తుంది, ఇవి మంచి నీళ్ళే" అనుకోవడానికి వీలులేదు. పప్పు ఉడకని బోరులో ఫ్లోరైడు తక్కువగా ఉండవచ్చు, పప్పు ఉడికే బోరులో ఎక్కువగా ఉండవచ్చు. పక్కపక్కనే ఉన్న రెండు బోర్ల నీరు కూడా ఒక్కటిగా ఉండదు.

ఏ దోషానికి ఏ గుర్తు?

నీరు బురదగా ఉంటే పటికతో, వడపోతతో తేటపడుతుంది. బిందెలో కాసేపు నిలిచాక ఎర్రగా మారి అడుగున తుప్పు వంటిది పేరుకొంటే ఇనుము ఉన్నది. పాత్రల లోపల తెల్లటి గార కట్టి, సబ్బు నురగకపోతే సున్నపు అంశం ఎక్కువ. ఇంట్లో తరచు వాంతులు, విరేచనాలు అవుతుంటే సూక్ష్మక్రిములు ఉన్నాయేమోనని అనుమానించాలి. అటువంటి నీటిని బాగా మరిగించి చల్లార్చి తాగాలి. పెంటకుప్ప దగ్గర ఉన్న బావిలో నైట్రేటు చేరుతుంది. అది ఆరునెలల లోపు పసిబిడ్డలకు ప్రమాదం.

ఫ్లోరైడుకు మాత్రం నీటిలో ఏ గుర్తూ లేదు. గుర్తులన్నీ మనుషులలోనే కనబడుతాయి. పిల్లల పళ్ళపై సుద్ద వంటి తెల్లటి మచ్చలు, పసుపు లేక గోధుమ రంగు చారలు వస్తాయి. వీటినే మనవారు గారపళ్ళు అంటారు. సుమారు 8 ఏళ్ళ లోపు, పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో తాగిన నీటి ఫలితమది. తోమితే పోదు. పెద్దవారిలో ఏళ్ళు గడిచాక నడుము, మెడ, కీళ్ళు పట్టుకొంటాయి. మూడు చిన్న పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు: మోకాళ్ళు వంచకుండా నేల మీది నాణెం తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? రెండు చేతులు తల వెనుకకు పోనివ్వగలరా? ఇవి చేయలేకపోతే అది ఫ్లోరైడు వల్లనే అని చెప్పలేము, కాని వైద్యునికి చూపించి, తాగే నీటిని పరీక్ష చేయించడానికి అది చాలిన కారణం.

నీటి పరీక్ష

ఇంటికి వచ్చే ప్రతి నీటి వనరును, అంటే నల్లా, ఇంటి బోరు, వీధి బోరింగు, చేని బోరు, అన్నిటినీ విడివిడిగా పరీక్ష చేయించాలి. లీటరు పట్టే శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. ఫ్లోరైడు గాజును అంటుకొంటుంది గనుక గాజు సీసా వద్దు. మోటారు కొద్ది నిమిషాలు నడిచాక, అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు కడిగి, నింపి, గట్టిగా మూత పెట్టండి. ఊరు, వనరు, తేదీ కాగితంపై రాసి అంటించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు. పంచాయతీలో పరీక్ష పెట్టె ఉన్నదేమో కూడా అడగండి. అందులోని మందు కలిపినప్పుడు నీరు గులాబీ రంగు నుండి పసుపు వైపు ఎంత మారితే ఫ్లోరైడు అంత ఎక్కువ.

ఫలితం చేతికి వచ్చాక చూడవలసిన అంకె ఇది: లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే నీరు దొరకనప్పుడు మన దేశపు ప్రమాణం 1.5 వరకు ఒప్పుకొంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు కూడా 1.5. అంతకు మించితే ఆ నీరు తాగడానికి, వంటకు పనికిరాదు. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు నిస్సందేహంగా వాడుకోవచ్చు.

ఏమి చేస్తే పోతుంది, ఏమి చేస్తే పోదు?

మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో అది మరింత చిక్కబడుతుంది. బట్టతో వడపోసినా, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినా పోదు. కుండలో పటిక ముక్కను నాలుగుసార్లు తిప్పితే బురద దిగుతుందే గాని ఫ్లోరైడు చాలినంత తగ్గదు.

అయితే అదే పటికను లెక్క ప్రకారం వాడితే తగ్గుతుంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970లలో తయారుచేసిన ఈ పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. లోకమంతా దీనిని నల్లగొండ పద్ధతి అంటుంది. అడుగుకు నాలుగైదు సెంటీమీటర్ల పైన కుళాయి బిగించిన 20 నుండి 40 లీటర్ల బకెట్టు కావాలి. మొదట సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి బాగా కలపాలి. తరువాత పటిక నీళ్ళు పోసి సుమారు 10 నిమిషాలు మెల్లగా తిప్పాలి. దూది పింజల వంటి తెల్లటి మడ్డి ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. ఒక గంట కదపకుండా ఉంచి, పైనున్న తేట నీటిని కుళాయి ద్వారా పట్టుకోవాలి. మడ్డిని పశువులకు, కోళ్ళకు అందని చోట పూడ్చాలి.

ఇందులో మోతాదే ప్రాణం. నీటిలో ఫ్లోరైడు ఎంత, క్షారగుణం ఎంత అనే రెండు అంకెలను బట్టి పటిక ఎంత వేయాలో ప్రయోగశాలవారే చెప్పాలి. సున్నం సాధారణంగా పటికలో ఇరవయ్యో వంతు. పటిక తక్కువైతే ఫ్లోరైడు మిగిలిపోతుంది. ఎక్కువైతే నీరు పులుపెక్కి, అల్యూమినియం మిగులుతుంది. పక్కింటివారి కొలత మన బోరుకు పనికిరాదు. ప్రతిరోజూ చేయవలసిన పని గనుక చాలా ఇళ్ళలో కొన్నాళ్ళకే విసుగుపుట్టి మానివేస్తారు. నల్లా నీరు ఉన్నవారికి ఇంత శ్రమ అవసరమే లేదు.

ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడును బాగా తీసివేస్తుంది. కాని లోపలి పొర పాడైతే యంత్రం నడుస్తున్నా ఫలితం ఉండదు. నీళ్ళ క్యాన్ కొనేవారు ప్లాంటువారిని చివరి పరీక్ష ఎప్పుడు చేశారో అడిగి తెలుసుకోవాలి. యంత్రం విడిచిపెట్టే నీటిలో ఫ్లోరైడు చిక్కగా ఉంటుంది గనుక పశువుల తొట్టిలో పోయరాదు. పశువులకు కూడా ఈ జబ్బు వస్తుంది.

వాన నీరు మనము మరచిన వరము. వాన నీటిలో ఫ్లోరైడు చాలా తక్కువ. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన లెక్క వేసుకొన్నా, 50 చదరపు మీటర్ల డాబాపై 30,000 లీటర్లు పడుతుంది. అయిదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు 25 లీటర్లు అనుకొంటే ఏడాదికి కావలసినది సుమారు 9,100 లీటర్లే. అంత పెద్ద తొట్టి కట్టే స్తోమత లేకపోయినా, 2,000 లీటర్ల తొట్టి 80 రోజులు ఆదుకొంటుంది. మొదటి వానల నీటిని వదిలివేయాలి. డాబా ఊడ్చి, తొట్టికి మూత వేసి, తాగే ముందు నీటిని మరిగించాలి.

తిండి విషయంలో జాగ్రత్తలు

తిండి బలంగా లేని ఇంట్లో ఫ్లోరైడు ఎక్కువ హాని చేస్తుంది. పాలు, పెరుగు, మజ్జిగ, రాగులు, ఆకుకూరలు పిల్లలకు తప్పక పెట్టాలి. ఉసిరి, జామ, నిమ్మ మంచివి. జాతీయ పోషకాహార సంస్థవారు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూస్తే, మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రకటించారు. మన పచ్చిపులుసు, చారు ఇందుకు తోడ్పడే తిండ్లే. కాని చింతపండు తింటున్నాము గదా అని బోరు నీరు తాగరాదు. పాలు కలపని టీ, నల్ల ఉప్పు, వక్కపొడి తగ్గించడం మంచిది, వీటిలో కూడా ఫ్లోరైడు ఉంటుంది.

తల్లిపాలలోకి ఫ్లోరైడు చాలా స్వల్పంగా మాత్రమే దిగుతుంది. తల్లి బోరు నీరు తాగినా బిడ్డకు తల్లిపాలు రక్షణగా ఉంటాయి. పాలపొడిని బోరు నీటిలో కలిపి పడితే ఆ రక్షణ పోతుంది. కాబట్టి ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టాలి. ఆ తరువాత బిడ్డకు పెట్టే జావ, గంజి కూడా మంచి నీటితోనే కాయాలి.

ఒక్క మాట

వంగిన ఎముకను తిరిగి నిటారుగా చేసే మందు లేదు. అట్లాంటి మందు ఉన్నదని పొడులు, తైలాలు అమ్మేవారిని నమ్మి అప్పులపాలు కావద్దు. నీరు మార్చితే నొప్పులు కొంత తగ్గవచ్చు, జబ్బు ముదరకుండా ఆగుతుంది. ఇది అంటువ్యాధి కాదు, తల్లిదండ్రుల నుండి పిల్లలకు వచ్చేదీ కాదు. "ఆ ఊరి పిల్లను చేసుకోము" అని సంబంధాలు వెనక్కి తిప్పి ఆడపిల్లల మనసు గాయపరిచిన రోజులు ఉన్నాయి. దోషం ఆ పిల్లది కాదు, ఆ ఊరి బోరుది. జబ్బుపడినవారిని గౌరవించడం, వారికి చేతికందేటట్లు మంచి నీళ్ళు పెట్టడం మనందరి బాధ్యత.

ప్రియ చదువరులారా, ఈ నెలలో మీ ఇంటిలో ఒక్క పని చేయండి. మంచి నీటికి ఒక బిందెను వేరుచేసి, దానికి ఎర్ర గుడ్డ కట్టండి. నల్లా నీరో, పరీక్షించిన నీరో, వాన నీరో మాత్రమే అందులో పోయండి. తాగడానికి, బియ్యం పప్పు ఉడికించడానికి, టీ కాయడానికి ఆ బిందె నీళ్ళే వాడండి. బడికి పోయే పిల్లల సీసా, చేనుకు పోయే పెద్దల సీసా దాని నుండే నింపండి. పదేళ్ళ తరువాత మీ పిల్లల పళ్ళు, నడకే అది ఎంత మంచి పనో చెబుతాయి.