బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత తిండి ఎలా? రోగి ఒక్కరే కాదు, ఇల్లంతా తెలుసుకోవాల్సిన విషయాలు

ఉరవకొండ: వానలు సరిగా పడని అనంతపురం జిల్లాలో స్థూలకాయం గురించి మాట్లాడటం కొందరికి వింతగా అనిపించవచ్చు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్ మహిళల్లో మూడో వంతుకు పైగా అధిక బరువుతోనే ఉన్నారు. పొలం పని తగ్గింది, కూర్చుని చేసే పని పెరిగింది. జొన్న రొట్టె, సంగటి ఉన్న చోటికి తెల్లన్నం, మైదా, బేకరీ తిండి వచ్చాయి. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరాడకపోవడం కూడా వాటి వెంటే వచ్చాయి.

అన్నీ ప్రయత్నించినా బరువు తగ్గని కొందరికి డాక్టర్లు బేరియాట్రిక్ సర్జరీ సూచిస్తున్నారు. ఉరవకొండ లాంటి ఊళ్ల నుంచి దీనికోసం సాధారణంగా బెంగళూరుకో, హైదరాబాద్‌కో పోవాల్సి వస్తుంది. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే ఇంటికి పంపేస్తారు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. డాక్టర్ కడుపును చిన్నది చేయగలడు గానీ, ఇంట్లో ఏం వండాలి, ఎంత వడ్డించాలి అన్నది ఇంటివాళ్ల చేతిలోనే ఉంటుంది.

లైపోసక్షన్ వేరు, ఇది వేరు

నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. అప్పటి నుంచి బరువు తగ్గే ఆపరేషన్ అంటేనే తెలుగు ఇళ్లలో భయం. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వును గొట్టంతో లాగేయడం. అది ఆకారం కోసం చేసేది. బేరియాట్రిక్ సర్జరీ కడుపు మీద, కొన్ని పద్ధతుల్లో పేగుల మీద కూడా చేసేది.

ఇందులో ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్ పద్ధతిలో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలింది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టంలా ఉంటుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో కడుపు పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా చేసి, నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా కడుపు పైభాగంలోనే తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది కాబట్టి మొదటి నెలల్లో ఆకలి బాగా తగ్గిపోతుంది.

ఇలాంటి ఆపరేషన్ చేయించుకోవడం సోమరితనమనో, సిగ్గుచేటనో అనుకోనక్కర్లేదు. నితిన్ గడ్కరీ 2011లో బీజేపీ జాతీయ అధ్యక్షుడిగా ఉన్నప్పుడే ఈ సర్జరీ చేయించుకున్నారు. ఆ విషయం దాచుకోలేదు కూడా.

మొదటి రెండు నెలలు మెట్టు మెట్టుగా

ఆసుపత్రిని బట్టి చార్టులో కొద్దిపాటి తేడాలుంటాయి. డిశ్చార్జి కాగితంలో రాసిందే పాటించాలి. మామూలుగా వరుస ఇలా ఉంటుంది.

మొదటి రెండు వారాలు ద్రవాలే. వడగట్టిన యఖ్నీ, పల్చటి మజ్జిగ, వెన్న తీసిన పాలు, వడగట్టిన పప్పునీళ్లు, డాక్టర్ చెప్పిన ప్రోటీన్ పొడి. గుక్కెడు గుక్కెడుగా తాగాలి. సోడా, కూల్‌డ్రింక్ వద్దు. యఖ్నీ, పాయా రసం బలమని మన ఇళ్లలో నమ్మకం. గొంతుకు హాయిగానే ఉంటుంది గానీ, వడగట్టిన రసంలో ప్రోటీన్ తక్కువే. దాని ఒక్కదాని మీదే ఆధారపడితే మనిషి నీరసించిపోతాడు.

మూడు, నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి. మిక్సీ పట్టిన పప్పు, పెరుగు, మెదిపిన గుడ్డు, నెయ్యి వేయకుండా పల్చగా చేసిన హలీం లాంటివి.

ఐదు, ఆరు వారాల్లో మెత్తటి తిండి. ముళ్లు లేని చేప, మెత్తగా ఉడికిన ఖీమా, పనీర్, బాగా ఉడికిన కూరగాయలు.

ఆ తర్వాత మెల్లగా మామూలు తిండి. అయితే కొలత మాత్రం పాతది కాదు. మొదట్లో నాలుగైదు చెంచాలకే కడుపు నిండుతుంది. ఏడాది తర్వాత కూడా చిన్న కప్పు, కప్పున్నర దాటకపోవచ్చు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఇబ్బంది ఒకటుంది. రాగి సంగటిని నమలకుండా ముద్దగా మింగడం రాయలసీమలో చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆపరేషన్ అయినవాళ్లు అలా మింగితే ముద్ద ఇరుక్కుపోతుంది. ఛాతీలో బిగబట్టినట్టు నొప్పి, నోట్లో నీళ్లూరడం, చివరికి వాంతి. బాగా ఉడకని మటన్ ముక్క, పొడి అన్నం, మెత్తటి బ్రెడ్ కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి. జొన్న రొట్టెను పప్పులో నానబెట్టి చిన్న తుంపులుగా, ఒక్కో తుంపును ఇరవై ముప్పై సార్లు నమిలి తినాలి. ఒక పూట భోజనానికి కనీసం ఇరవై నిమిషాలు పట్టాలి.

మారని నాలుగు సూత్రాలు

ఒకటి, ముందు ప్రోటీన్. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అవసరమని పోషకాహార నిపుణులు చెబుతారు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. వంద గ్రాముల ఉడికిన చికెన్‌లో 25 గ్రాముల పైన. వంద మిల్లీలీటర్ల పాలల్లో 3 గ్రాములు. కాబట్టి ప్లేటులో ముందు గుడ్డు, చికెన్, చేప, పప్పు తినాలి. తర్వాత కూరగాయలు. చోటు మిగిలితేనే అన్నం. బిర్యానీ అయినా అంతే, ముక్క ముందు, బువ్వ తర్వాత. మన పల్లీల్లోనూ ప్రోటీన్ ఉంది. కానీ వంద గ్రాములకు 550 కేలరీలు దాటుతాయి కాబట్టి గుప్పెడు లెక్కన తినేవి కావు.

రెండు, తిండి, నీళ్లు వేర్వేరుగా. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. రోజు మొత్తం మీద లీటరున్నర తగ్గకూడదు.

మూడు, తీపికి దూరం. బైపాస్ అయినవాళ్లు షీర్ ఖుర్మా, డబల్ కా మీఠా, షర్బత్ లాంటివి తీసుకుంటే చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగుతుంది. పది నిమిషాల నుంచి అరగంటలోపు గుండె దడ, చెమటలు, కడుపులో మెలిక, విరేచనం. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. స్లీవ్ అయినవాళ్లలోనూ కొందరికి ఇది రావచ్చు.

నాలుగు, మాత్రలు జీవితాంతం. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మానకూడదు. ఐరన్, కాల్షియం మాత్రల మధ్య కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. ఐరన్ మాత్రను టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. క్యాప్సూల్ పైపొర జిలటిన్‌ది కదా, హలాలా కాదా అన్న సందేహంతో కొందరు మొత్తానికే మానేస్తారు. అలా మానొద్దు, ట్యాబ్లెట్ గానీ నమిలే మాత్ర గానీ రాయమని డాక్టర్‌ను అడగండి.

షుగర్, బీపీ మందుల మోతాదు కూడా త్వరగా తగ్గించాల్సి రావచ్చు. పాత చీటీ ప్రకారమే వేసుకుంటూ పోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. నొప్పి బిళ్లలు కూడా సొంతంగా కొని వేసుకోకూడదు. ముఖ్యంగా బైపాస్ తర్వాత ఐబుప్రోఫెన్ లాంటివాటితో కడుపులో పుండ్లు పడతాయి. పెళ్లయిన ఆడవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలని డాక్టర్లు చెబుతారు.

రంజాన్ రోజాల సంగతి

మన ఇళ్లలో అందరూ అడిగే ప్రశ్న ఇది. మొదటి ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు రోజాలకు ఆగమని సర్జన్లు సాధారణంగా సలహా ఇస్తారు. లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. ఇఫ్తార్ నుంచి సహర్ ముగిసేదాకా మన ప్రాంతంలో సుమారు పది, పదకొండు గంటలు. అందులో నిద్ర, తరావీహ్ తీసేస్తే మిగిలేది నాలుగైదు గంటలు. ఒకసారికి వంద మిల్లీలీటర్లే దిగే మనిషి లీటరున్నర తాగాలంటే పదిహేను సార్లు తాగాలి. తిన్న ప్రతిసారీ అరగంట ఆగాలి. ప్రోటీన్, మాత్రలు కూడా ఆ సమయంలోనే పడాలి. మొదటి నెలల్లో ఇది కుదిరే పని కాదు. నీళ్లు తగ్గితే కిడ్నీల మీద భారం పడుతుంది.

రోగులు రోజాలను తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకునే సడలింపు సూరా బఖరాలోని 184, 185 ఆయతుల్లో ఉంది. ఖజా ఎప్పుడు, ఫిద్యా ఎవరికి అన్నది డాక్టర్ రాసిచ్చిన కాగితం తీసుకెళ్లి ఆలిమ్‌ను అడగడం మంచిది. తర్వాతి సంవత్సరాల్లో రోజా మొదలుపెట్టేవాళ్లు కూడా ముందుగా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇఫ్తార్‌లో ఖర్జూరం ఒక్కటి, నీళ్లు కొద్దికొద్దిగా. సమోసా, పకోడీ, షర్బత్ పక్కన పెట్టాలి.

పట్టుదల ఎక్కడ సడలుతుంది?

మొదటి ఏడాది బరువు బాగా తగ్గుతుంది, ఉత్సాహమూ ఉంటుంది. ఏడాదిన్నర దాటాక ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద పరిశోధనలో, బైపాస్ అయినవాళ్లు ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ల తర్వాత చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత బరువు తిరిగి రావడం సహజం. కొంచెం పెరగ్గానే 'అంతా పోయింది' అని వదిలేస్తే మాత్రం నష్టపోయేది మనమే.

బరువు ఎక్కువగా తిరిగొచ్చే దారి పెద్ద భోజనం కాదు. రోజంతా కొద్దికొద్దిగా నోట్లో వేసుకునే చిరుతిండి. టీలో రస్కు, బిస్కెట్, మిక్చర్, మురుకులు, బొరుగులు సులువుగా జారిపోతాయి, కడుపు నిండినట్టే ఉండదు. తినే వేళలు ఖరారు చేసుకుని, ఆ మధ్యలో నీళ్లు తప్ప ఏమీ తీసుకోకపోవడమే దీనికి మందు.

మధ్యలో రెండు మూడు వారాలు కాటా కదలదు. అది మామూలే. రోజూ తూకం చూసుకుని బాధపడే బదులు వారానికోసారి చూడండి. నడుము కొలత, ఆగకుండా ఎక్కిన మెట్లు, నేల మీద కూర్చుని చేసిన సజ్దా, తగ్గిన మాత్రల లెక్క కూడా ఒక పుస్తకంలో రాసుకోండి. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలడం చాలామందిని కుంగదీస్తుంది. ప్రోటీన్, ఐరన్ సరిగా అందితే సాధారణంగా మళ్లీ వస్తుంది. బయట నడవడం కుదరని ఆడవాళ్లు ఫజర్ తర్వాత మిద్దె మీద నడిచినా చాలు. మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట.

అన్నిటికంటే కష్టమైంది దావత్. 'ఇంత చేస్తే రెండు ముద్దలేనా, నా చేతి వంట నచ్చలేదా?' అని ఖాలా అంటుంది. 'ముఖం పీక్కుపోయింది, జబ్బు మనిషిలా ఉన్నావు' అని ఇంకొకరు. ప్రేమతోనే అంటారు గానీ, ఆ ఒత్తిడికి తిన్న ఒక్క ముద్దే వాంతి దాకా తెస్తుంది. ఆపరేషన్ సంగతి దాచిన ఇంట్లో ఇది మరీ ఎక్కువ. కనీసం వంట చేసేవాళ్లకు, దగ్గరి బంధువులకు ముందే చెప్పి ఉంచాలి. చిన్న ప్లేటు ఇవ్వండి, మళ్లీ వడ్డించొద్దు, మిగిల్చినా అడగొద్దు. ఒక్కరికి విడిగా పథ్యం వండే కంటే ఇంట్లో అందరికీ నూనె, చక్కెర తగ్గించడం సులువు. పిల్లలకూ మేలు.

ఖర్చు, ప్రయాణం ముందే చూసుకోండి

చాలామంది ఆపరేషన్ బిల్లు ఒక్కటే లెక్కేస్తారు. మాత్రలు, ప్రోటీన్ పొడి, మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపై ఏటా రక్తపరీక్షలు, బెంగళూరు ఛార్జీలు కూడా కలుపుకోవాలి. ఆరోగ్య బీమా ఉంటే ఐఆర్‌డీఏఐ నిబంధన తెలుసుకోండి. వయసు 18 దాటి, బీఎంఐ 40 పైన ఉంటే గానీ, 35 పైన ఉండి అదుపులో లేని షుగర్, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటి జబ్బు ఉంటే గానీ ఈ సర్జరీ క్లెయిమ్‌కు అవకాశం ఉంటుంది. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఎంతో చూసుకోవాలి. 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాక ఫోన్, వీడియోలో డాక్టర్‌తో మాట్లాడటానికి అనుమతి ఉంది. డైటీషియన్‌తో కూడా అలా మాట్లాడే ఏర్పాటు ఉందేమో ఆపరేషన్‌కు ముందే అడిగి పెట్టుకోండి.

వెంటనే ఆసుపత్రికి పోవాల్సినవి

జ్వరం, ఆగని గుండె దడ, కడుపులో లేదా ఎడమ భుజంలో తీవ్రమైన నొప్పి, నల్లటి విరేచనం, నీళ్లు కూడా నిలవని వాంతులు. వాంతులు రోజుల తరబడి సాగితే బి1 విటమిన్ పడిపోయి నడక తూలుతుంది, చూపు రెండుగా కనిపిస్తుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. దీన్ని నీరసం అనుకుని ఇంట్లో గ్లూకోజ్ తాగిస్తూ కూర్చోకూడదు. బి1 ఎక్కించకుండా గ్లూకోజ్ ఇస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఉరవకొండ నుంచి అనంతపురం సుమారు 50 కిలోమీటర్లు. డిశ్చార్జి కాగితం, సర్జన్ ఫోన్ నంబరు ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. అత్యవసరంలో చూసే డాక్టర్‌కు మొదట చెప్పాల్సిన మాట, ఏ ఆపరేషన్, ఏ తేదీన అయిందన్నదే.