సెకండ్‌హ్యాండ్ రెక్కలు

పాత ట్రాక్టరు కొనాలంటేనే పదిసార్లు ఆలోచిస్తాం. నలుగురిని అడుగుతాం. మరి పాత విమానం కొనాలంటే? అదీ కంపెనీలో తయారైంది కాదు... ఎవరో ఇంటి దగ్గర సొంతంగా కట్టుకున్నది!

చిలకలూరిపేట, నరసరావుపేట, అద్దంకి... పత్తి, మిర్చి పండే ఈ ఊళ్లలో పాత ట్రాక్టరు బేరానికి వెళ్లిన రైతుని ఎప్పుడైనా గమనించారా? ముందు బండి రంగు చూడడు. ఇంజిను మీద చెయ్యి పెడతాడు. వేడిగా ఉందా... అనుమానమే! తాను వచ్చేలోపు ఎవరో స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లారేదాకా కూర్చుని అప్పుడు సెల్ఫ్ కొట్టమంటాడు. పొగ నీలంగా వస్తే ఆయిలు తాగుతోందని లెక్క. మీటరులో గంటలు, ఆర్‌సీలో పేరు, ఫైనాన్సు బాకీ... అన్నీ చూశాక చివరికి అసలు ప్రశ్న వేస్తాడు.

‘ఇన్నాళ్లూ దీన్ని తోలిందెవరు?’

ఇవే ప్రశ్నలు అడగాల్సిన సంత ఇంకొకటుంది. అది అమెరికాలో ఉంది. అక్కడ బేరానికి పెట్టేవి ఒకరిద్దరు కూర్చుని తిరిగే చిన్న విమానాలు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాలకు కొదవలేదు. పైలట్ లైసెన్సు తీసుకుని, సొంత విమానం కొనుక్కోవడం అక్కడ ఉద్యోగస్తులకూ అందే సరదా. కొత్త సెస్నా 172 కొనాలంటే 4 లక్షల డాలర్లకు పైమాటే. అందుకే చాలామంది చూపు సెకండ్‌హ్యాండ్ వాటిమీద పడుతుంది. వాటిలోనూ చవగ్గా, వేగంగా, అందంగా కనిపించేవి ‘హోమ్‌బిల్ట్’ విమానాలు.

గ్యారేజీలో పుట్టిన విమానం

పేరులోనే ఉంది... ఇంటి దగ్గర కట్టుకున్న విమానం. దీనికి అమెరికా చట్టంలో ప్రత్యేకమైన స్థానం ఉంది. నిర్మాణంలో సగానికి పైగా పని ఔత్సాహికులే చదువుకోసమో సరదాకోసమో చేసి ఉండాలి. దీన్నే ‘51 శాతం నిబంధన’ అంటారు. అలా కట్టినదాన్ని ప్రభుత్వ విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ తనిఖీ చేసి ‘ఎక్స్‌పెరిమెంటల్’ తరగతిలో అనుమతిస్తుంది. ఆ మాటను లోపలికి ఎక్కేవాళ్లకు కనపడేలా విమానం మీద రాసి తీరాలి. కంపెనీ విమానాలకు ఉండే భద్రతా ప్రమాణాలు దీనికి వర్తించవని ప్రయాణికుడికి హెచ్చరిక కూడా అంటించాలి.

ఈ సరదాపరులంతా కలిసి 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు ఈఏఏ. ఏటా జులైలో ఆష్‌కోష్ అనే ఊళ్లో అది జరిపే తిరునాళ్లకు వేల విమానాలు దిగుతాయి. విడిభాగాలను పెట్టెల్లో పెట్టి అమ్మే కంపెనీలూ పుట్టాయి. వాటిలో పేరున్నది ఆరెగాన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్. దీని ‘ఆర్‌వీ’ రకం విమానాలు ఇప్పటికి 10 వేలకు పైగా గాల్లోకి లేచాయి. పెట్టె తెచ్చుకుని కట్టడం మొదలుపెడితే పదిహేను వందల నుంచి రెండు వేల గంటల పని. సాయంత్రాలూ ఆదివారాలూ మాత్రమే కుదిరేవాళ్లకు ఏళ్లు పడుతుంది.

అంత ఓపిక అందరికీ ఉండదు. కట్టినవాడికి వయసు మీద పడుతుంది. కంటిచూపు తగ్గుతుంది. లేదా కాలం చేస్తాడు. విమానం ఏ షెడ్డులోనో దుమ్ముకొట్టుకుని ఉంటుంది. అప్పుడు బేరానికొస్తుంది. కొన్నవాడు దాన్ని మళ్లీ బతికించాలి. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

భుజం వెనక మీట

1997 అక్టోబరు 12. కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే విమానాశ్రయం. ప్రపంచమంతా పేరున్న గాయకుడు జాన్ డెన్వర్ వచ్చాడు. వయసు 53. అప్పటికే 2,700 గంటలకు పైగా విమానాలు నడిపిన అనుభవం. లాంగ్-ఈజీ అనే రెండు సీట్ల హోమ్‌బిల్ట్ విమానాన్ని అప్పుడే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ముందురోజు కొద్దిసేపు నడిపి చూసుకున్నాడు.

లాంగ్-ఈజీ రూపకర్త బర్ట్ రూటన్ మామూలు మనిషి కాదు. ప్రపంచాన్ని ఎక్కడా ఆగకుండా చుట్టివచ్చిన వాయేజర్ విమానాన్ని రూపొందించినవాడు. ఆయన గీసిన ప్లాను ప్రకారం ఎడమ ట్యాంకు నుంచి కుడి ట్యాంకుకు పెట్రోలు మార్చే మీట పైలట్ కాళ్ల మధ్య, చేతికి అందేలా ఉండాలి. కానీ ఈ విమానాన్ని కట్టిన వ్యక్తి దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక బిగించాడు. దురుద్దేశమేమీ లేదు. పెట్రోలు గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదన్నది ఆయన జాగ్రత్త. పెట్రోలు ఎంతుందో చూపించే గాజు గొట్టాలేమో వెనక సీటు దగ్గర. వాటిమీద గీతలూ అంకెలూ లేవు.

మీట చేతికి అందడం కష్టంగా ఉందనీ, బిగుతుగా తిరుగుతోందనీ అక్కడున్న మెకానిక్ గమనించాడు. దాన్ని అందుకోవడానికి గ్రిప్ ప్లయర్ పెట్టి చూశారు. వెనకున్న గొట్టాలు కనిపించడానికి ఒక అద్దం కూడా ఇచ్చారు. పెట్రోలు పోయించుకుంటారా అంటే, గంటసేపే కదా అని డెన్వర్ వద్దన్నాడు. సాయంత్రం అయిదు దాటాక గాల్లోకి లేచాడు. కాసేపటికే విమానం కొన్ని వందల అడుగుల ఎత్తునుంచి సముద్రంలో కూలిపోయింది.

ప్రమాదాలపై విచారణ జరిపే ఎన్‌టీఎస్‌బీ సంస్థ ఆ మీట దగ్గరే ఆగింది. సీట్లో కూర్చుని దాన్ని అందుకోవాలంటే ఒళ్లంతా ఎడమవైపు తిప్పాలి. అలా తిరిగినప్పుడు కుడికాలు తనకు తెలియకుండానే తొక్కుడు పలకను నొక్కుతుంది. విమానం అదుపుతప్పుతుంది. తగినంత పెట్రోలు లేకపోవడం, కొత్త విమానంపై సరైన శిక్షణ లేకపోవడం, మీటను అందని చోట పెట్టడం... అన్నీ కలిసి ప్రాణం తీశాయని నివేదిక తేల్చింది.

కంపెనీ కారులో బ్రేకు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. హోమ్‌బిల్ట్ అలా కాదు. ఒకే ప్లానుతో కట్టిన రెండు విమానాలు ఒకేలా ఉండవు. అందుకే ట్రాక్టరు దగ్గర ‘తోలిందెవరు’ అని అడిగితే, ఇక్కడ ‘కట్టిందెవరు, ప్లానులో ఏం మార్చారు’ అని అడగాలి. కొంటున్నది రెక్కల్నీ ఇంజిన్నీ మాత్రమే కాదు, ఒక అపరిచితుడి ఆలోచనని కూడా!

కొన్నవాళ్లకే గండం

ఇది ఒక్క డెన్వర్ కథ కాదు. 2012లో ఎన్‌టీఎస్‌బీ ఈ విమానాల మీద ప్రత్యేక అధ్యయనం చేసింది. అప్పటికి అమెరికాలో ఇలాంటివి సుమారు 33,000 ఉన్నాయి. చిన్న విమానాల్లో వీటి వాటా పదిశాతం లోపే. కానీ 2011లో జరిగిన ప్రాణాంతక ప్రమాదాల్లో వీటి వాటా 21 శాతం! ఆ ఏడాది ప్రమాదానికి గురైన హోమ్‌బిల్ట్ విమానాల్లో సగానికి పైగా కట్టినవాళ్ల చేతుల్లో లేవు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ల చేతుల్లో ఉన్నాయి. వాటిలో 14 అయితే కొత్త యజమాని మొట్టమొదటిసారి ఎగిరినప్పుడే దెబ్బతిన్నాయి.

రెక్క విరిగి పడిపోయినవి తక్కువే. ఇంజిను ఆగిపోవడం, నడిపేవాడు అదుపు తప్పడం... ఎక్కువగా కనిపించిన కారణాలివే. మొదటిది విమానాన్ని బాగుచేసుకోవడంలో లోపం. రెండోది మనిషి తనను తాను సిద్ధం చేసుకోకపోవడం.

ముందు కాగితాలు

పొలం కొనేముందు రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయిస్తాం. విమానానికీ అంతే. అమెరికాలోని విమానాల యాజమాన్య పత్రాలన్నీ ఓక్లహామా సిటీలో ఉంటాయి. అప్పు మిగిలి ఉందా, అమ్మేవాడే అసలు హక్కుదారా అన్నది అక్కడ తేలుతుంది. తర్వాత లాగ్‌బుక్కులు. ఇంజిను ఎన్ని గంటలు తిరిగిందో, ఎవరు ఎప్పుడు విప్పారో వాటిలో ఉంటుంది. అవి పోయాయంటే పుట్టుపూర్వోత్తరాలు పోయినట్టే. కట్టేటప్పుడు తీసిన ఫొటోలూ, రాసుకున్న నోటు పుస్తకాలూ దొరికితే అదృష్టం. రెక్కకు తొడుగు వేసేశాక లోపల ఏముందో చెప్పేవి అవే.

ఇంకో మెలిక ఉంది. ఏడాదికోసారి విమానం మొత్తం తనిఖీ చేసి సంతకం పెట్టాలి. తాను కట్టిన విమానానికి ఆ అధికారం కట్టినవాడికి దక్కుతుంది. విమానం అమ్మినా ఆ అధికారం కొన్నవాడికి బదిలీ కాదు. చిన్నాచితకా మరమ్మతులు సొంతంగా చేసుకోవచ్చు. ఏటా సంతకానికి మాత్రం, తగిన అర్హత లేనివాళ్లు మెకానిక్‌ను పిలవాల్సిందే. అందుకే తెలివైనవాళ్లు ఆ మెకానిక్‌ను కొన్న తర్వాత కాదు, బేరానికి ముందే వెంటబెట్టుకెళ్తారు.

తిరగనిదే జబ్బు

‘పదేళ్లుగా షెడ్డులోనే ఉంది, అసలు వాడనే లేదు’ అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. ట్రాక్టరు మేస్త్రీలకు తెలుసు, అది గొప్ప కాదని. విమానం ఇంజినుకైతే అది మరీ చేటు. ఎక్కువ విమానాల్లో కనిపించే లైకమింగ్ ఇంజిన్లలో కామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది. ఇంజిను తిరగకపోతే దానిమీది ఆయిలు కిందికి జారిపోతుంది. గాల్లోని తేమకు తుప్పు పడుతుంది. బయటికేమీ కనపడదు. నడవడం మొదలయ్యాక ఆ గరుకుతనం లోహాన్ని అరగదీస్తుంది. ఇనుప పొడి ఆయిలులో కలుస్తుంది. అందుకే ఆయిలు ఫిల్టరును కోసి చూస్తారు. వైద్యులు ఎండోస్కోపీ చేసినట్టు సన్నని కెమెరాను సిలిండర్లలోకి పంపి చూస్తారు. గాలి ఒత్తిడి పెట్టి ఎంత నిలుస్తుందో కొలుస్తారు.

తర్వాత రబ్బరు వంతు. ఏళ్లతరబడి కదలని పెట్రోలు గొట్టాలు గట్టిపడి పగుళ్లిస్తాయి. టైర్లు, బ్రేకు సీళ్లూ అంతే. పాత పెట్రోలు జిగురులా మారి కార్బరేటరు రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. చిన్న విమానాలకు వాడే పెట్రోలుకు నీలిరంగు కలపడం పరిపాటి. గాజు గ్లాసులోకి కాస్త వంపితే అడుగున రంగులేని నీటిబొట్లు తేలిగ్గా దొరికిపోతాయి.

ఇక అద్దెకుండే జీవాలు! ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వాటి మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది. కందిరీగలు సన్నని గొట్టాల్లో మట్టిగూళ్లు పెడతాయి. వేగం చూపించే పిటాట్ గొట్టం మూసుకుపోతే పైలట్‌కు తప్పుడు లెక్క కనిపిస్తుంది. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర పెద్ద బోయింగ్ 757 విమానమే కూలి 189 మంది చనిపోయారు. కొన్నాళ్లు నేలమీద ఉన్న ఆ విమానం పిటాట్ గొట్టంలో కందిరీగలు గూడు పెట్టి ఉంటాయన్నది విచారణ అధికారుల అనుమానం.

మొదటిసారి ఎగిరేముందు

అన్నీ బాగుచేశాక ఆత్రం మొదలవుతుంది. ప్రమాదం పొంచి ఉండేదీ అప్పుడే. అనుభవజ్ఞులు చెప్పే క్రమం ఒకటుంది. విమానాన్ని తూకం వేయాలి. ముందు బరువెంత, వెనక బరువెంత అని లెక్కగట్టాలి. ముక్కు పైకెత్తి ఉంచి, గొట్టం చివర పెట్రోలు ధార సరిపడా వస్తోందో కొలవాలి. నేలమీద పరుగెత్తించి బ్రేకులు చూడాలి. ఈలోగా అదే రకం విమానంలో తెలిసిన శిక్షకుడి దగ్గర కొన్ని గంటలు నేర్చుకోవాలి. సెస్నా నడిపిన చేతికి ఆర్‌వీ చాలా చురుగ్గా అనిపిస్తుంది. కాస్త లాగితే చాలు, ఎక్కువ కదులుతుంది.

ఆ రోజు గాలి నిలకడగా ఉండాలి. పక్క సీటు ఖాళీగా ఉండాలి. ట్యాంకుల్లో పెట్రోలు పుష్కలంగా ఉండాలి. ఎత్తుకు చేరి, రన్‌వే మీదే చుట్లు కొట్టి దిగాలి. దిగాక మూత విప్పి కారుతున్నదేమైనా ఉందేమో చూడాలి. ఆ తర్వాతే రెండోసారి.

మన దగ్గరో...

ఉమ్మడి ప్రకాశం జిల్లాకు విమానాలు కొత్తకాదు. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాశ్రయం ఉంది. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీదే అత్యవసర రన్‌వే ఉంది. 2022 డిసెంబరు 29న, మళ్లీ 2024 మార్చి 18న వాయుసేన అక్కడ పరీక్షలు జరిపింది. కానీ సొంతంగా కట్టుకున్న విమానాన్ని ఎగరేయడం మన దేశంలో అంత తేలిక కాదు. ముంబయి పైలట్ అమోల్ యాదవ్ తమ భవనం డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో జనమంతా చూశారు. దాని రిజిస్ట్రేషన్‌కు 2017 దాకా ఆగాల్సి వచ్చింది. పరీక్షగా ఎగరేసుకునేందుకు అనుమతి 2019లో వచ్చింది. ఇక్కడ అలాంటివి కొనేందుకు సంత లేనేలేదు.

కాబట్టి ఈ బేరం మన ఇళ్లలోకి వస్తే విదేశాల్లో ఉన్న పిల్లల ద్వారానే రావాలి. ‘నాన్నా, పాత విమానం కొంటున్నా’ అని ఫోనొస్తే కంగారుపడి వద్దనేస్తే వినకపోవచ్చు. విమానాల గురించి మనకేం తెలుసని ఊరుకోనూ అక్కర్లేదు. కట్టిందెవరు? ఎందుకు అమ్ముతున్నారు? ఎన్నాళ్లు తిరగకుండా ఉంది? మెకానిక్ ఏమన్నాడు? ఈ నాలుగూ ఏ రైతైనా అడగగలిగిన ప్రశ్నలే. వాటితోపాటు ఇంకొక్కటి అడగాలి.

‘సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, పెట్రోలు మీట పట్టుకోగలవా?’

అవునని తడుముకోకుండా జవాబు వచ్చేదాకా ఆ విమానం షెడ్డులో ఉండటమే మంచిది.